పై అంతస్తు పెద్దాయన

ఆ పొద్దున స్టేషన్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: సెలూన్‌కి వెళ్ళి గడ్డం గీయించుకు రావడం. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయినా, ఆయన బయలుదేరడమంటే రైలు బయలుదేరడమే. చెప్పుల్లో కాళ్ళు పెట్టాక ఆగే ప్రసక్తి లేదు. ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర కోడలు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అప్పుడే చదవడం ముగించిన నవల గురించి స్నేహితురాలికి చెబుతోంది. మాస్టారు వినీ విననట్టు వీధిలోకి దిగారు.

ఆయన మలుపు తిరిగారో లేదో, కుట్టడానికిచ్చిన జాకెట్టు కోసం పక్కింటి పిన్నిగారు గుమ్మంలోకి వచ్చింది.

"పెద్దాయన పోయాడే!" అంటోంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దున్నే శుభ్రంగా తయారై బయల్దేరాడా, అంతే."

పిన్నిగారు జాకెట్టు మాట మరిచి వెనక్కి పరుగెత్తింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

సెలూన్‌లో మాస్టారి సగం గడ్డం గీయడం అయిందో లేదో, మందులషాపాయన తలుపులోంచి తల దూర్చాడు.

"విన్నారా? స్టేషన్ మాస్టారు పోయారట! కాస్త నస మనిషే గానీ, మంచాయన."

సెలూనాయన చేతిలో కత్తి గాల్లో ఆగిపోయింది.

"ఎప్పుడట?" అని నురగలోంచి అడిగారు మాస్టారు.

"ఇందాకే. కోడలు ఒకటే ఏడుపట, పాపం." గొంతు పోల్చుకోకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

తను పోవడం సంగతెలా ఉన్నా, కోడలు ఏడుస్తోందనేసరికి మాస్టారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. మెడలో తువ్వాలుతో, సగం గడ్డంతో ఇంటిముఖం పట్టారు.

గుమ్మం నిండా చెప్పులు. లోపల వీధి వీధంతా నేల మీద కూర్చుని ఉంది. పరామర్శకొచ్చినవాళ్ళు "ఎలా పోయాడమ్మా?" అని అడిగితే, వీళ్ళూ ఆ నవల చదివారనుకుని కోడలు సంబరంగా మొదలుపెట్టింది. అది కథ అని తేలేసరికి లేచి వెళ్ళే స్థితిలో ఎవరూ లేరు.

"నేను బతికే ఉన్నాను!" అని కేకేశారు మాస్టారు.

"తెలిసిందండీ, మీరు కాదట," అంది పిన్నిగారు తల తిప్పకుండా. "కూర్చోండి. ఇప్పుడే పై అంతస్తుకొచ్చాడు."

"నవల్లో పెద్దాయన లిఫ్టు నడిపేవాడు మామయ్యా," అంది కోడలు. "జన్మంతా జనాన్ని పైకి చేర్చాడు గానీ, పై అంతస్తులో ఒక్కనాడూ బయట కాలు పెట్టలేదు. కొలువు ఆఖరి రోజున దిగాడు. డాబా మీదికెళ్ళి తలెత్తాడు. 'ఇంత ఆకాశం ఇన్నాళ్ళూ నా నెత్తిమీదే ఉందా?' అన్నాడు. అలా చూస్తూ చూస్తూనే పోయాడు."



"నేనూ అంతే. ఆ కౌంటర్ వెనకే జుట్టు నెరిసింది," అన్నాడు మందులషాపాయన మెల్లగా.

మాస్టారు గోడకు చేరగిలబడ్డారు. పచ్చజెండా ఊపి ఎన్ని రైళ్ళని సాగనంపారో! సరదాకైనా ఒక్కటీ ఎక్కి ఎటూ పోలేదు. ఇంట్లో కూడా ఎవరితోనూ అనని మాట అది.

"అమ్మాయీ," అన్నారు, "నా సంగతి ఆ రాసినవాళ్ళకెవరు చెప్పారే?"

కోడలు లేచింది. నవల తెచ్చి మొదటి పేజీ తీసింది. జనం ఇంకా దగ్గరికి జరిగారు.

పోయినాయన కోసం వీధంతా కదలకుండా కూర్చుంది. బతికున్నాయన అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.