ఇంటికో బ్రేకు పట్టని బండి

"ఒరేయ్ సరాంతీ, దిగేటప్పుడు ఆ బ్రేకు పట్టకపోతే ఏం కావాలిరా?"

సోమవారం పొద్దున, బండి ఇంకా గుమ్మం దాటకముందే నేనీ మాట అన్నాను. మా అబ్బాయి ఎప్పటిలాగే నవ్వాడు. మూడో మలుపులో ముందు చక్రం బిగుసుకుపోయింది. బండిని ఎత్తు మీదికి తోసుకుంటూ, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాడు. అప్పుడు నవ్వలేదు.

అయినా సరే, అమ్మలారా, అయ్యలారా! నేను చెప్పేదొకటే. ప్రతి ఇంట్లోనూ బ్రేకులు పాడైన మోటార్ సైకిలొకటి ఉండి తీరాలి. దాన్ని ఇంట్లోనే బాగు చేసుకోవాలి. చర్చికి వెళ్లడం ఎలాగో ఇదీ అలాగే అని చట్టం చేయాలి. నేను చదివింది ఆరో తరగతే. అయినా ఈ వారంలో నేర్చుకున్నది ఏ కాలేజీలో చెబుతారో చూపించండి!

ముందుగా, పిల్లలు ఇల్లు కదలరు. మెకానిక్కు ఉండేది కింద, రేవు పట్టణం కలమాటాలో. మధ్యలో ముప్పై రెండు మలుపులు, అటు కొండ, ఇటు లోయ. బ్రేకులు బాగు చేయించుకోవాలంటే బ్రేకులు లేకుండా దిగాలి! కన్నబిడ్డను కళ్ల ముందు కూర్చోబెట్టడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ ప్రభుత్వం చేసింది?

తర్వాత, తల్లి మాటకు విలువ పెరుగుతుంది. ముప్పై ఏళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను. గాలి మంచిది కాదు, ఎదురెదురు కిటికీలు తెరవకు, తడి తలతో గాలికి పోకు అని. "గాలికి ఎవరైనా చస్తారా అమ్మా" అనేవాడు. మరి ఇప్పుడు? బ్రేకు పైపులో చిన్న గాలి బుడగ చేరితే చాలట, హ్యాండిల్ మీది బ్రేకు లివర్ మెత్తబడిపోయి బండి ఆగదట, మనిషి పోతాడట! ఎవరన్నారీ మాట? వాడే, వాడి నోటితో! ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఇక జ్ఞానం సంగతి. బండి విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. లివర్ పక్కనుండే చిన్న డబ్బాలో వేలు ముంచి వాసన చూశాడు. మా తోట ఆలివ్ నూనె! మా ఇంట్లో ఆ నూనెకు తిరుగులేదు. చెవిపోటుకు అదే, కిర్రుమనే తలుపుకు అదే, కాలిన చేతికి అదే. బాప్తిస్మం నాడు సరాంతీకి ఒళ్లంతా పూసిందీ అదే. కాకపోతే బ్రేకు ఫ్లూయిడ్ ఉండాల్సిన చోట అది పోస్తే రబ్బరు ఉబ్బుతుందని మాకెవరూ చెప్పలేదు.

"ఇందులో నూనె ఎవరు పోశారు?" అని అడిగాడు.

నేను పోయలేదు. వాడు పోసుకోడు. ఇక మిగిలింది మా మేకా, మా ఆయన ప్రొకోపిసూ. ఆయన వీపు తిప్పుకుని, ఆలివ్ కాయలు రాల్చే వలకు చిరుగులు కుడుతూ కూర్చున్నాడు. మేక కనీసం తలెత్తి చూసింది.

కొత్త వాషర్లూ, ఒక సీసా ఫ్లూయిడూ కింది నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. శనివారం సాయంత్రం గాలి తీసే కార్యక్రమం పెట్టుకున్నాం. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లివర్ నొక్కి పట్టి "పట్టాను" అనాలి. అప్పుడు చక్రం దగ్గర కూర్చున్నవాడు పానాతో స్క్రూ వదులు చేస్తాడు. బుడగలు సన్న పైపులోంచి సీసాలోకి పోతాయి. స్క్రూ మళ్లీ బిగించేదాకా లివర్ వదలకూడదు. వదిలావా, బయటి గాలి లోపలికి! చూశారా, ఎంత చక్కటి వ్యాయామం!

గోడ మీద నుంచి పొరుగింటి గరిఫాలియా తొంగి చూసింది. "ఏంటొదినా, మీవాడి బండిని పితుకుతున్నావా?"

"పితికితే పాలైనా వచ్చేవి. దీనికన్నీ బుడగలే!"

అంతా బాగానే సాగేది. కానీ చర్చి గంట మోగింది. గంట మోగితే సిలువ గుర్తు వేసుకోనిదాన్నా నేను? కుడిచేత్తో వేసుకున్నాను. ఆ లివరూ కుడిచేతిలోనే ఉంది.

"అమ్మా! వదిలేశావా!"

"గంటరా!"

"ఎడంచేత్తో వేసుకో!"

"ఎడంచేత్తోనా! నిన్ను కన్నది ఈ మాట వినడానికా?"

రెండోసారి, వాడు తిట్టిన తిట్టుకు దేవుడు క్షమించాలని వేసుకున్నాను. మూడోసారి, ఈసారి వదలకుండా చూడు దేవమాతా అని వేసుకున్నాను. సీసాలో వేలెడు ఫ్లూయిడ్ మిగిలింది. ఆదివారం బస్సు లేదు. సోమవారం మొదటి బస్సుకంటే ముందే వాడు రేవులో పనికి ఉండాలి.

"పోనీలే, ఎలాగోలా దిగుతాను" అన్నాడు.

ఎలాగోలా! ముప్పై రెండు మలుపులు, ఎలాగోలా!

ఇక్కడ అసలు సంగతి చెప్పేస్తాను. ఫిబ్రవరిలో సరాంతీ, "తోటలో పని చేయను, రేవుకు పోతున్నాను" అన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఇద్దరు మగవాళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. "మీ అబ్బాయికి చెప్పు ఉప్పు అందించమని." "మీ ఆయనకు చెప్పు, ఉప్పు అక్కడే ఉందని." ఇద్దరూ ఒకే బల్ల దగ్గర! ఇద్దరి మధ్యా అటూ ఇటూ మాటలు మోయడానికి నేను. ఏ రబ్బరు తట్టుకుంటుంది చెప్పండి? అందుకే అన్నాను, ఇంటికో పాడైన బండి కావాలని. కూర్చుని మాట్లాడుకోమంటే వినని మగవాళ్లకు, ఇద్దరుంటే తప్ప జరగని పని ఒకటైనా ఇంట్లో ఉండొద్దా?

"నా మణికట్టు పోయింది" అని నేను మెట్టు మీద కూలబడ్డాను. కొంచెం ఎక్కువే కూలబడ్డాను.

మా ఆయన వల కింద పెట్టాడు. లేచొచ్చి లివర్ దగ్గర నిలబడ్డాడు. నలభై ఏళ్లు కొమ్మలు వంచిన చెయ్యి అది, గంటకు వదిలే రకం కాదు. కానీ నోరుంది చూశారూ, అదే తెరుచుకోదు. కింద సరాంతీకి చక్రం తప్ప ఏమీ కనబడదు. మాట వినిపిస్తే తప్ప స్క్రూ తిప్పడు.

"పట్టు" అన్నాడు సరాంతీ.

మా ఆయన లివర్ నొక్కాడు, అంతే.

"పట్టావా?"

పానా స్క్రూ మీదే ఆగిపోయింది. గోడ మీద గరిఫాలియా ఊపిరి బిగబట్టింది. నేను రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"పట్టావా, నాన్నా?"

మేక రెండుసార్లు నెమరు వేసింది. నేను మనసులో పరలోక ప్రార్థన మొదలుపెట్టి, ముగించి, మళ్లీ మొదలుపెట్టాను.

"పట్టానురా" అన్నాడు మా ఆయన. లివర్ వదలకుండానే, "డబ్బాలో తగ్గిందని నేనే పోశాను. మంచి నూనెరా అది. ఈ ఏటి మొదటి గానుగది."