పరుపు కింద పొదుపు

ఆసుపత్రి స్టోర్ కీపరు ఆ ఉదయం కాఫీ తాగుతూ ఒక నిర్ణయానికి వచ్చాడు. గ్లౌజుల ఖర్చు తగ్గించమని డైరెక్టరు గారు చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. అందుకే ఇవాళ్టి నుంచి ఏ వార్డు ఎంత అడిగినా సగమే ఇవ్వాలి. ఈ సంగతి భార్యకు తప్ప ఇంకెవరికీ చెప్పకూడదనుకున్నాడు. ఆవిడ అదే ఆసుపత్రిలో ఎముకల వార్డు హెడ్ నర్సు.

"మాట బయటికి పొక్కకూడదు సుమా!"

"నేనెందుకు చెప్తానండీ! నాకేం పనిలేదా?"

ఆవిడ నిజంగానే ఎవరికీ చెప్పలేదు. ఆయనకన్నా ముందే వెళ్లి స్టోరులోంచి నాలుగు పెట్టెలు ఎక్కువ తెచ్చుకుంది, అంతే. అది పిల్లల వార్డు సిస్టర్ కంట్లో పడింది. స్టోర్ కీపరు ఇల్లాలే దాచుకుంటోందంటే ఏదో ముంచుకొస్తోందన్నమాటే. ఆమె ఎనిమిది పట్టుకుపోయింది. కాన్పుల వార్డు వాళ్లు ఏకంగా ట్రాలీయే తోసుకొచ్చారు. స్టోర్ కీపరు వచ్చేసరికి అరలన్నీ బోసిపోయి ఉన్నాయి.

"మీ ఆవిడకిచ్చి మిగతావాళ్లకి లేదని ఎలా అంటాను సార్?" అన్నాడు గుమాస్తా.

అంతలో సర్జను గారి ఫోను. "థియేటరులో గ్లౌజులు లేవటేమిటయ్యా? తుంటి విరిగిన పెద్దాయన రాత్రి నుంచి పస్తున్నాడు. ఇవాళ తప్పితే మళ్లీ వచ్చే నెలే!"

స్టోర్ కీపరు ఫోను పెట్టేశాడు. పొదుపు చేయబోయి ముసలాయన్ని మంచానికి కట్టేస్తున్నానే అని సిగ్గుతో చచ్చిపోయాడు. వార్డువార్డుకూ పరిగెత్తాడు. ఎక్కడ అడిగినా "ఒక్కటీ లేదు సార్" అనే జవాబే. సొంత భార్య కూడా కళ్లార్పకుండా "లేవండీ" అంది.

అప్పుడు పక్క మంచం మీంచి ఆ పెద్దాయనే మూలిగాడు. "అమ్మాయ్, నా కాళ్ల కింద ఈ గట్టేమిటమ్మా?"

"కాలు కాస్త ఎత్తుగా ఉంటే మంచిది తాతా" అందావిడ గబగబా.

స్టోర్ కీపరు పరుపు అంచు ఎత్తాడు. కింద నాలుగు పెట్టెలూ బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

"నా పేషెంట్లకి తక్కువ కాకూడదనేగా..." అంది భార్య, తలదించుకుని.

"నీ పేషెంటుకే తక్కువైంది తల్లీ!"

ఆపరేషన్ చక్కగా జరిగింది. సాయంత్రం కళ్లు తెరిచిన పెద్దాయన అన్నం ఎప్పుడు పెడతారని అడిగితే ఆలుమగలిద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో స్టోర్ కీపరు అన్ని వార్డుల్లోనూ పరుపులెత్తించాడు. ఇవాళ్టివే కాదు, ఎప్పటెప్పటివో బయటపడ్డాయి. గడువు దాటినవి పారేసినా స్టోరు నిండి సరుకు వరండాలోకి వచ్చింది.

డైరెక్టరు గారు అది చూసి ఆయన భుజం తట్టారు. "శభాష్! ఈ ఏడాది గ్లౌజులు కొనక్కర్లేదు. వచ్చే వారం బ్యాండేజీల ఖర్చు కూడా తగ్గించవయ్యా" అన్నారు, వరండా అంతా వినబడేలా.

స్టోర్ కీపరు వెనక్కి తిరిగేసరికి బ్యాండేజీలు అయిపోయాయి.