తొమ్మిదింపావు ఫ్లైట్ ప్లాన్

గాల్లో ఎగిరేది విమానం అనుకోవడం అమాయకత్వం. ఎగిరేది ఫ్లైట్ ప్లాన్. విమానం దాని తోకపట్టుకుని వెళుతుందంతే.

ఎన్నింటికి లేస్తాం, ఏ దారిన, ఎంత ఎత్తున వెళతాం, ఎన్ని గంటల ఇంధనం ఉంది, అక్కడ దిగలేకపోతే మరెక్కడ దిగుతాం అని పైలట్ ముందే రాసిచ్చే కాగితమది. వేళకు చేరకపోతే దాన్ని పట్టుకునే వెతుకుతారు. (ఇంతవరకూ బుర్ర ఉన్నవాళ్లు చేసిన ఏర్పాటే.)

ఆ ఉదయం పైలటమ్మ చిన్న విమానంలో పాముకాటు మందు పెట్టె ఉంది. కొండమీది ఆసుపత్రిలో పాము కరిచిన తోటమాలి ఒకడు దానికోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె తొమ్మిదింపావుకని ప్లాన్ ఇచ్చింది.

ప్లాన్ల ఉపపరిశీలనాధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. "అక్కడ దిగలేకపోతే పక్క ఊరన్నారు. పక్క ఊళ్లోనూ దిగలేకపోతే?"

ఆమె మూడో ఊరు రాసింది. "అక్కడా కుదరకపోతే?" అన్నాడు. అలా రాసుకుంటూ పోయి, పదకొండో ఊరిగా తాము నిలబడ్డ విమానాశ్రయాన్నే రాసింది.

"చూశారా, క్షేమంగా ఇల్లు చేరారు," అని ఆయన మురిసిపోయి ముద్ర వేశాడు. అప్పటికి తొమ్మిది నలభై.

ఆమె పరుగున వెళ్లి ఇంజన్ స్టార్ట్ చేసి, లేవడానికి అనుమతి అడిగింది.

"మీరు తొమ్మిదింపావుకే లేచిపోయారు కదమ్మా," అంది కంట్రోల్ టవర్.

విమానాలు ఆలస్యమవుతున్నాయని కొత్త కంప్యూటర్ పెట్టారు. వేళ కాగానే ప్లాన్ తనంతట తాను బయలుదేరుతుంది. (అప్పటినుంచి ఒక్క ఆలస్యమూ లేదు.)

"కిటికీలోంచి చూడండి సార్, చెయ్యి ఊపుతున్నా!"

"కనిపిస్తున్నారమ్మా. కానీ గాల్లో ఉన్న విమానాన్ని మళ్లీ ఎలా లేపమంటారు? ముందు దిగనివ్వండి."

పది గంటలకు ఆమె కొండమీద దిగినట్టు కంప్యూటర్ తెరమీద పడింది. పైలటమ్మకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ అధికారి దగ్గరకు పరుగెత్తింది.

"చేరానని నేను చెప్పలేదు కదా! తప్పిపోయానని రాసుకోండి. నన్ను వెతకడానికి విమానం పంపండి, ఈ పెట్టె అందులో పెడతా."

"భేషైన ఆలోచన," అని అధికారి కొత్త కాగితం తీశాడు. "వెతికే విమానం అక్కడ దిగలేకపోతే?"

ఆమె తొమ్మిదో ఊరు రాస్తుండగా కొండమీది డాక్టర్ ఫోన్ చేశాడు. "ఇక తొందరేం లేదమ్మా," అన్నాడు మెల్లగా.

పైలటమ్మ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. అధికారి ఆమె కుదుటపడేదాకా మర్యాదగా ఆగి, తొమ్మిదింపావు ప్లాన్ తీసి, ఆలస్యం అన్న గడిలో 'లేదు' అని రాశాడు.