సారు చేతి పాస్‌వర్డ్

లోకమంతా తీగ లేని ఇంటర్నెట్ వచ్చేసిన శుభసమయం చూసుకుని, ఇబ్రహీంపట్నం గంగమ్మతల్లి చేపల సొసైటీ వారు తమ కార్యాలయంలో ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ తెచ్చే డయలప్ మోడెం ప్రతిష్ఠించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మోడెం కొత్తదే. అంటే ఇంతవరకు ఎవరూ వాడలేదు. ఉమ్మడి రాష్ట్రంలో మంజూరై, గోదాములో సీలు విప్పకుండా భద్రంగా ఉండి, రాష్ట్రం వేరై, జిల్లాలు చీలి, దాన్ని కొన్న ఉద్యోగులు రిటైరై పెన్షన్ తీసుకుంటున్న కాలానికి మా వంతు వచ్చింది. ప్రభుత్వం ఆలస్యం చేస్తుందే కాని మరిచిపోదని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకోవాలి.

మోడెంకు తోడుగా ఒక కంప్యూటరు వచ్చింది. అందులో విండోస్‌కు బదులు లినక్స్ వేసి పంపారు, ఉచితంగా దొరుకుతుంది కాబట్టి. ఉచితమన్న మాట చెవిన పడగానే పాలకవర్గం ఏకగ్రీవంగా ఆమోదించింది. వచ్చినది ఏమిటని అడిగే చెడ్డ అలవాటు మా సొసైటీలో మొదటినుంచీ లేదు.

వీటి వెనకే ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట సభ్యత్వం మార్పు దరఖాస్తులన్నీ సొసైటీ కంప్యూటరు నుంచి, సొసైటీ ల్యాండ్‌లైన్ మీదుగానే రావాలట. సొంత ఫోన్ల నుంచి పంపినవి చెల్లవట. ఈ ఉత్తర్వు అందరికీ ఫోన్లలోనే అందింది.

దాని అవసరం మొట్టమొదట పడింది సిద్దమ్మకు. ఆమె భర్త ఎంకయ్య సొసైటీ సభ్యుడు, కాళ్లు ఆడినన్నాళ్లూ చెరువులో వల వేసినవాడు. మొన్న ఎండాకాలంలో పోయాడు. ఆ సభ్యత్వం భార్య పేరున మారితేనే ఆమె వల నీళ్లలో పడుతుంది. దరఖాస్తుకు గడువు పెట్టారు. గడువు దాటితే సిద్దమ్మ ఒడ్డున నిలబడి ఇతరులు రవ్వలూ బొచ్చెలూ పడుతుంటే చూడవచ్చు. చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"దివాకర్ బిడ్డా, నా కాగితం ఎప్పుడు పంపుతవ్?" అని ఆమె సొసైటీ కార్యదర్శిని అడిగింది.

"మోడెం చాలూ కాంగనే మొదలు నీదే సిద్దమ్మత్తా. ఫికర్ జెయ్యకు" అన్నాడు దివాకర్.

దివాకర్ మంచివాడు. అబద్ధమాడే ఉద్దేశం అతనికి లేదు. లినక్స్‌లో మోడెం పెట్టడం ఎలాగో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఎవరో రాసిన పాఠాన్ని అచ్చు తీయించుకుని, కుంకుమ బొట్టు పెట్టి, పొద్దున్నే స్నానం చేసి చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీ చేరేసరికే అతనికి లినక్స్ మీద గౌరవం కలిగింది. ఆ వ్యవస్థలో అన్నిటికీ అధికారం ఉన్న యజమాని ఒకడుంటాడు. అతని పేరు రూట్. మిగతావాళ్లు ఎంతటివాళ్లయినా ఏదైనా ముట్టుకోవాలంటే అతన్ని అడగాల్సిందే. ఈ సంగతి చదివి వినిపించగానే పాలకవర్గానికి ప్రాణం లేచివచ్చింది. పరాయి దేశపు సరుకు అనుకున్నది అచ్చం మన సొసైటీ లాగే నడుస్తుందని చైర్మన్ నాగయ్య మురిసిపోయారు.

యజమాని పాస్‌వర్డ్ మొదట ఎవరో ఒకరు పెట్టాలి. మా దగ్గర మొదటి పని ఏదైనా ముఖ్య అతిథి చేతి మీదుగా జరగడం ఆచారం. బోరు వేసినా, కటింగ్ షాపు తెరిచినా, చివరికి పశువుల దవాఖానకు సున్నం కొట్టినా రాంచందర్ సారు చెయ్యి పడాల్సిందే. సారు మాజీ. ఏ పదవికి మాజీ అన్నది ఊళ్లో ఎవరికీ సరిగా గుర్తులేదు కాని, మాజీ అన్నదాంట్లో మాత్రం రెండో మాట లేదు.

అలా ప్రతిష్ఠ జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, సారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. లినక్స్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద అక్షరం కాదు కదా, చుక్క కూడా కనిపించదు. సారు కొట్టారు. ఏమీ కనిపించలేదు. జనం చప్పట్లు కొట్టారు. సారు మరికాస్త గట్టిగా కొట్టారు. రెండోసారి కొట్టమని యంత్రం అడిగితే, సారు చెయ్యి దానికి నచ్చిందనీ ప్రేమతో అడుగుతోందనీ నాగయ్య మైకులో చెప్పారు. మొత్తానికి అది ఒప్పుకుంది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని పాఠంలో ఉన్న సంగతి దివాకర్ సారు చెవిలో వేశాడు. సారు తన రాజకీయ జీవితంలో తు.చ. తప్పకుండా పాటించిన ఆదేశం ఇదొక్కటే.

మర్నాడు దివాకర్ తన పేరుతో కంప్యూటరులోకి వెళ్లి మోడెంను పిలిచాడు. అనుమతి లేదంది. మోడెం వాడుకునే గుంపులో నీ పేరు లేదని పాఠం చెప్పింది. సొసైటీ కార్యదర్శినైన తన పేరు సొసైటీ మోడెం గుంపులో లేకపోవడం ఏమిటని దివాకర్‌కు కోపం వచ్చింది. పేరు చేర్చాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ పూజారి ఫోన్ కూడా ఎత్తడు.

దివాకర్ సారు ఇంటికి వెళ్లాడు.

"పాస్‌వర్డ్ చెప్పుర్రి సారూ, జర పని ఉన్నది."

"ఎవ్వలికి చెప్పొద్దని నువ్వే చెప్పినవ్ కదరా!" అన్నారు సారు. "నేనే వచ్చి కొడుత. జర మంచిగ అరేంజ్ చెయ్యి."

మంచిగా అరేంజ్ చేయడమంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. ఫ్లెక్సీ, శాలువా, డప్పు, భోజనాలు. అవి కుదిరిన రోజున సారుకు కందుకూరులో పెళ్లి. సారుకు తీరిక దొరికిన రోజున ఫ్లెక్సీలో ఆయన మీసం పలచగా వచ్చింది. మళ్లీ అచ్చు వేయించాల్సి వచ్చింది.

ఈలోగా దివాకర్ శేరిగూడకు పోయి నిశాంత్ అనే ఇంజనీరింగ్ కుర్రాణ్ణి పిలుచుకొచ్చాడు. నిశాంత్ మోడెంను అటూ ఇటూ తిప్పి చూశాడు. పరీక్షలో దీని మీద రెండు మార్కుల ప్రశ్న వచ్చిందని, చాయిస్‌లో వదిలేశానని నిజాయితీగా ఒప్పుకున్నాడు. అయితే లినక్స్ మాత్రం అతనికి తెలుసు.

"ఏం లేదన్నా. కంప్యూటర్ ఆపి వేరే తీరుగ ఆన్ చేస్తే పాత పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెట్టొచ్చు. చాయ్ తాగేలోపట అయిపోతది" అన్నాడు.

నాగయ్య కుర్చీలోంచి లేచారు.

"సారు చేత్తోని పెట్టింది తీసేస్తవా? రేపు ఆయన వేసిన శిలాఫలకం గూడ తవ్వుమంటవ్. ఏం చదువులు రా ఇవి!"

నిశాంత్‌కు చాయ్ మాత్రం ఇచ్చి పంపించారు. అతిథి మర్యాదలో మా సొసైటీకి ఎన్నడూ మాట రాలేదు.

గదిలో ఓ మూల కూర్చున్న సిద్దమ్మ ఇదంతా విన్నది. "చాయ్ తాగేలోపట అయిపోతదన్నడు గదా పిలగాడు, మరెందుకు వద్దంటుర్రు?" అని అడిగింది. ప్రోటోకాల్ అన్నారు. ఆ మాటకు ఎదురు ఉండదని ఆమెకు తెలియదు కాబట్టి, "గదెప్పుడైపోతది?" అని మళ్లీ అడిగింది. పాపం, చదువుకోని మనిషి.

సారు చివరికి వచ్చారు. గడువు ముగిసే రోజే వచ్చారు. సాయంత్రం అయిదింటికి దరఖాస్తులు మూసేస్తారని దివాకర్ మనవి చేసుకుంటే, తాను ఎప్పుడూ సమయానికే వస్తానని సారు చేతి గడియారం చూపించారు. ముందు శాలువాలు, తర్వాత ప్రసంగాలు. గ్రామీణ భారతాన్ని ప్రపంచంతో కలిపే మహత్తర ఘట్టం ఇదని సారు అన్నారు. వింటున్న జనంలో సగం మంది ఆ సమయానికి ఫోన్లలో ప్రపంచాన్ని చూస్తున్నారు.

పాస్‌వర్డ్ కొట్టే ముందు సారు ఒక చూపు చూశారు. భావం గ్రహించి సభికులంతా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ సతీశ్ కూడా తిరగాల్సి రావడంతో అసలు ఘట్టం ఫొటోలో పడలేదు. అందుకని సారు కొట్టినట్టుగా మరోసారి చేసి చూపించారు, ఒకసారి నవ్వుతూ, ఒకసారి గంభీరంగా.

దివాకర్ పేరు గుంపులో చేరింది. ఊరికే అతనొక్కడి పేరు చేరిస్తే బాగుండదని చైర్మన్ పేరు, పాలకవర్గం పేర్లు, సారు బావమరిది పేరు కూడా చేర్చారు. సిద్దమ్మ పేరు చేర్చాలని ఎవరికీ తోచలేదు. ఆమెకు మోడెంతో ఏం పని?

అప్పుడు మోడెం డయల్ చేయనన్నది. లైనులో చప్పుడే లేదట. ఫోన్ తీగ పెట్టాల్సిన రంధ్రంలో కాక దాని పక్క రంధ్రంలో పెట్టినందువల్ల అలా జరిగింది కాని, నాగయ్య దాన్ని వాస్తు దోషంగా నిర్ధారించారు. మోడెం దక్షిణం చూస్తోంది. బల్లను తూర్పుకు జరిపించారు. జరుపుతుంటే తీగ ఊడిపోయింది. ఎవరో తీసి దొరికిన రంధ్రంలో గుచ్చారు. అదృష్టవశాత్తూ అదే సరైన రంధ్రం. లైను పలికింది. ఆనాటినుంచి కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు నాగయ్య దగ్గరికి వస్తున్నారని విన్నాం.

మోడెం కీచుమని, గరగరమని, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అరిచింది. సారు మైకు సరిచేయమన్నారు. కలిసిందని దివాకర్ కేక పెట్టాడు. డప్పులు మోగాయి. సిద్దమ్మ కొంగు ముడి విప్పి, చెమటకు మెత్తబడ్డ దరఖాస్తు, భర్త చనిపోయిన సర్టిఫికెట్ బయటికి తీసింది. ఆ క్షణంలో ఆమె ముఖం చూసినవాళ్లెవరికైనా సంతోషం కలుగుతుంది. నిజంగానే కలిగింది.

"బోణీ!" అన్నారు నాగయ్య.

అందరికీ గుర్తొచ్చింది. కొత్త లైను మీద మొదట వెళ్లేది చనిపోయినవాడి కాగితమా? అపశకునం కాదూ? బోణీ సారు ఫొటోతో జరగాలి. సతీశ్ కెమెరాలోంచి దివ్యమైన ఫొటో ఒకటి ఎంచారు. సారు మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత పెద్ద ఫొటో. దాన్ని ఇంటర్నెట్‌లో సొసైటీ పేరున ఉన్న పేజీలోకి ఎక్కించమని దివాకర్‌ను ఆదేశించారు.

ఆ లైను మీద అంత ఫొటో పోవడమంటే పాత చేదబావిలోంచి గ్లాసుతో చెరువు నింపడమే. తెర మీద పచ్చ గీత కదిలీ కదలనట్టు జరుగుతోంది. అది ఎంత జరిగిందో జనానికి అర్థమయ్యేలా దివాకర్ ఎప్పటికప్పుడు ప్రకటించాడు.

"జుట్టు పోయింది. నొసలు పోతున్నది."

చప్పట్లు.

"మీసం దాకొచ్చింది!"

డప్పులు. మీసం దగ్గర చాలాసేపు పట్టింది. నాలుగున్నర దాటింది. సిద్దమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, గది ఆపి నాది పంపు. సారు ఫొటో రేపైన పంపొచ్చు. నా గడువు ఈ పొద్దే."

దివాకర్ చెయ్యి ఆగింది. అతను మంచివాడని ముందే చెప్పాం. చైర్మన్ వైపు చూశాడు.

"ఇప్పుడు ఎక్కడున్నడు సారు?" అని అడిగారు నాగయ్య.

"మెడ దాక."

"మెడ దాక పంపి ఆపుతర్రా! అంత పెద్దమనిషిని మెడ కాడ కోస్తమా? నీకేమన్న బుద్ధుందా సిద్దమ్మా?"

సారు తన మెడను ఒకసారి తడుముకున్నారు. సభ మొత్తం సిద్దమ్మ వైపు కోపంగా చూసింది. ఆమె కట్టుకున్నవాడి పక్కన వల లాగినవాళ్లే ఆ సభలో ఎక్కువమంది. ఆమె దరఖాస్తు చేతిలో పట్టుకునే వెనక్కి వెళ్లి నిలబడింది.

సారు భుజాలు పోయాయి, శాలువా పోయింది, శాలువా అంచు పోయింది. సారు సంపూర్ణంగా చేరుకున్నారని దివాకర్ ప్రకటించినప్పుడు ఆఫీసు దద్దరిల్లింది. ఆ వెంటనే అతను సిద్దమ్మ దరఖాస్తు పేజీ తెరిచాడు. గడువు ముగిసినదని, సహకరించినందుకు ధన్యవాదాలని అందులో రాసి ఉంది.

అయినా కార్యక్రమం నిండుగా ముగియాలి కదా. పత్రికకు లబ్ధిదారు ఫొటో కావాలన్నాడు సతీశ్. లబ్ధిదారు సిద్దమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమెకు శాలువా కప్పారు. ఆమె చేతిలోని దరఖాస్తునే సారు చేతికిచ్చి, సారు చేత మళ్లీ ఆమెకు ఇప్పించారు. ‘నవ్వు పెద్దమ్మా’ అన్నాడు సతీశ్. ఆమె నవ్వలేదు కాని, ఫొటోలో సారు నవ్వు ఇద్దరికీ సరిపోయింది. మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది: ‘డయలప్‌తో మత్స్యకార మహిళకు సభ్యత్వం. రాంచందర్ చేతుల మీదుగా అందజేత.’

మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తులు తీసుకుంటున్నప్పుడు సిద్దమ్మ ఈసారి సొసైటీని నమ్ముకోకుండా నేరుగా పై అధికారి దగ్గరికి వెళ్లింది. అధికారి ఓపికగా విన్నారు. ఫైలులోంచి జిల్లా పేజీలో వచ్చిన ఆ ఫొటో వార్త ముక్క తీసి చూపించారు.

"మీకు కిందటేడే సభ్యత్వం ఇచ్చారు కదమ్మా. ఒకరికి రెండుసార్లు ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు."

"ఇచ్చినట్లైతే నన్ను చెరువుల వల ఎయ్యనియ్యుర్రి మరి!"

"వల వేయాలంటే సభ్యుల జాబితాలో మీ పేరుండాలి. లేదు కదా" అన్నారు అధికారి, ఎంతో జాలిగా.

సిద్దమ్మ ఆ ముక్కను అక్కడే చింపబోతే ప్రభుత్వ ఫైలు అని వారించారు. ఇప్పుడామె పొద్దున్నే ఒడ్డుకు పోయి, ఇతరుల వలల్లో పడ్డ చేపలు కొని, తట్టలో పెట్టుకుని కందుకూరు దాకా తిరిగి అమ్ముతోంది.

ఆమెకు సభ్యత్వం రాలేదని మీరిప్పుడు నొచ్చుకోవడం భావ్యం కాదు. జిల్లా పేజీలో ఆ వార్త మీరూ చూశారు. చాయ్ చప్పరిస్తూ, శాలువా కప్పుకున్న ఆ ఆడమనిషి ఫొటో చూసి, "పరవాలేదు, పేదోళ్లకు కూడా టెక్నాలజీ అందుతోంది" అని ఇంట్లోవాళ్లకు చదివి వినిపించి పేజీ తిప్పారు. ఇంతమంది చదువుకున్నవాళ్లు నమ్మిన సంగతిని ఒక్క సిద్దమ్మ కాదంటే ఆ అధికారి మాత్రం ఎలా ఒప్పుకుంటారు చెప్పండి?