ఆరుగురు పట్టిన చింతచెట్టు

ఆదివారం ఎనిమిదింటికల్లా ఇడ్లీల డబ్బాతో గద్వాలలో బయలుదేరాలని, పదకొండుకు చింతచెట్టు దగ్గర ఫొటో దిగాలని, మధ్యాహ్నం సోమశిలలో పడవెక్కాలని భానుప్రకాశ్ పథకం. అందులో ఫొటోయే ముఖ్యం. తన ఆరేళ్ల వయసులో వేసవి సెలవులకు ఇంటిల్లిపాదీ సోమశిల వెళ్తూ, ఆరుగురు చేతులు కలిపితే గానీ చుట్టు రాని చింతచెట్టును చూశామని కూతురు సుమనకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతున్నాడు. నమ్మిన పాపానికి ఆ పిల్ల దాన్ని బడిలో వ్యాసంగా రాసింది. టీచరు చదివి, క్లాసంతా వినేలా నవ్విందట.

"రేపు ఫొటో చూపియ్యకుంటే నేను బడికే పోను నాన్నా," అంది సుమన కారెక్కుతూ.

కొల్లాపూర్ దాటాక భానుప్రకాశ్ మూడు చింతచెట్ల దగ్గర కారాపాడు. మూడోది ఖాయంగా తన చెట్టే. మాను మొదలు దగ్గర చిన్నప్పుడు తను దూరిన తొర్ర అలాగే ఉంది. వెనక సీట్లో నిద్రపోతున్న తల్లి జానకమ్మను లేపకుండా ముగ్గురూ దిగారు. భానుప్రకాశ్, భార్య సౌందర్య, సుమన చేతులు సాచి చెట్టును పట్టుకుంటే జానెడే మిగిలింది.

"చెట్టు గిట్ల చిన్నగెట్లయితదే?" అన్నాడు అయోమయంగా.

"చెట్టు గాదు, నీ మాటలే పెద్దగున్నయి," అంది సౌందర్య.

చేతుల లెక్కే తప్పిందనుకున్నాడు. తల్లి నదిలో మునగడానికి తెచ్చుకున్న పసుపుపచ్చ చీర తీసి, మాను చుట్టూ తిప్పి, ముడేసి, పైగా అడుగులు లెక్కపెడుతూ తిరగడం మొదలుపెట్టాడు. పాన్‌గల్ నుంచి భక్తులతో సోమశిలకు పోతున్న ట్రాక్టరు సరిగ్గా అప్పుడే అక్కడ ఆగింది.

"ఏం మొక్కు సారూ?" అన్నాడు ట్రాక్టరు ఈరన్న, అప్పటికే చెప్పులు విడిచేసి.

"మొక్కు గాదన్నా. ఎంత దొడ్డుందో చూస్తున్న."

"బయటికి చెప్పరాదులే సారూ," అన్నాడు ఈరన్న గౌరవంగా.

పది నిమిషాల్లో చెట్టుకు పసుపూ కుంకుమా అంటుకున్నాయి, టెంకాయలు పగిలాయి, దారిన పోయే రెండు ఆటోలు ఆగాయి. సౌందర్య చీర విప్పబోతే ఆడవాళ్లు గయ్యిమన్నారు. "కట్టినంక మల్ల తీస్తరా తల్లీ?" ఫొటో తీద్దామని భానుప్రకాశ్ ముందుకు పోతే ఒక పెద్దమ్మ మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. "లైన్ల రా బిడ్డా. మేం మనుషులం గాదా?"

సుమన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాతోని అబద్ధం చెప్పినవా నాన్నా?"

భానుప్రకాశ్ తొర్ర వైపు మళ్లీ చూశాడు. చేతులు కలిపింది నిజం, ఆ బెరడు గీసుకుని తన చెంప మండింది నిజం. మరి ఈ చెట్టేమిటి ఇలా చేస్తోంది?

ఆ గోలకు జానకమ్మ లేచి వచ్చింది. సంగతి విని ముక్కున వేలేసుకుంది.

"గప్పుడు పట్టుకున్నది పిల్లలు గదరా! నువ్వు, మీ చిన్నాయన పోరగాండ్లు. ఒక్కనికన్న లాగు నిలుస్తుండెనా?"

"ఇన్నేండ్లు చెప్పకపోతివి గదమ్మా!"

"నన్నెవరడిగిన్రు?"

సుమన ముక్కు తుడుచుకుని ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తింది. బుడ్డపిల్లల్ని ఆరుగురిని ఏరి తెచ్చి చెట్టు చుట్టూ నిలబెట్టింది. అందీ అందక చేతులు అందాయి. పసివాళ్లకు లైనేమిటని ఎవరూ అడ్డు చెప్పలేదు. జానకమ్మ ఫోను పట్టుకుంటే సుమన నొక్కింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మర్నాడు టీచరు దాన్ని క్లాసు గోడకు అంటించింది.

అందులో భానుప్రకాశ్ లేడు. లైనులో అతని ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు.