అంచు కుదిరింది, నడుమ కుదరలేదు

సోమవారం పొద్దున సుమన పథకం చాలా చిన్నది. పోచంపల్లిలో చేనేత పనిచేసే మేనమామ కమలాకర్‌కు గళ్ల బొమ్మ అచ్చువేసిన ఒక గ్రాఫు కాగితం ఇచ్చి, బస్సెక్కి నల్లగొండ వెళ్లిపోవడం. ఇంకో నెలలో పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష. అయిదేళ్ల చదువు ఒక్క గంటలో తేలిపోతుంది. తను చెప్పేది ఎవరికీ అర్థం కాదేమోనని ఆమెకు ఒకటే భయం. గుడ్డ మీద చూపిస్తే అర్థమవుతుందని ఆశ.

"మామా, ప్రతి గడి ఒక చిన్న అయస్కాంతమనుకో. ఎర్రది పైకి చూస్తది, తెల్లది కిందికి. పక్కపక్కవి ఎదురెదురుగ ఉండుడే వీటి వరుస. చల్లబడుకుంట పోతె, అంచున ఒకదాన్నొకటి పట్టుకునుడు గట్టిగుంటె, మొదలు అంచువే వరుసకొస్తయి. లోపల ఇంకా గడబిడనే. గదే నాకు నేసియ్యాలె."

"అట్లనే బిడ్డా," అన్నాడు కమలాకర్. ఆమె వెళ్లాక కాగితం తీరిగ్గా చూశాడు. అంచున ఎరుపూ తెలుపూ ముచ్చటగా ఉన్నాయి. నడుమ మాత్రం పిల్లలు కెలికినట్టుంది. పాపం, ప్రింటరు చెడిపోయినట్టుంది అనుకున్నాడు. మేనకోడలి పరువు పోకూడదని నడుమ గళ్లన్నీ సరిచేసి నేశాడు.

"మంచిగ చేసి నా కొంప ముంచినవు మామా," అంది గుడ్డ కోసం మళ్లీ వచ్చిన సుమన. "నాకు నడుమ గడబిడనే కావాలె."

ముప్పై ఏళ్లలో అలా అడిగినవాళ్లు లేరు. అయినా అంచు అలాగే ఉంచి, నడుమ నూలుకు ఇష్టమొచ్చినట్టు ముడులు కట్టి, కట్టినచోట తెలుపు మిగిలేలా రంగులో ముంచాడు. కానీ పోగులను కట్టగా కలిపి కట్టడం అలవాటైన చేయి కదా, జానెడుకొకసారి అదే గడబిడ పొల్లుపోకుండా మళ్లీ వచ్చింది.

"గిది గడబిడ కాదు మామా, డిజైను."

కమలాకర్‌కు పౌరుషం వచ్చింది. మూడోసారి ఒక్కో పోగూ విడిగా, చూడకుండా కట్టాడు. ఈసారి అంచు కూడా చెదిరిపోయింది. అప్పటికి తెల్లారితే పరీక్ష.

మర్నాడు పరీక్ష గదిలో సుమన వేరే దారి లేక మూడు గుడ్డలూ బల్ల మీద పెట్టింది. కమలాకర్ వెనక వరుసలో ఒదిగి కూర్చున్నాడు. పరీక్ష చేయడానికి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ గుడ్డలను అటూ ఇటూ తిప్పి, మూడోది, రెండోది, మొదటిది వరసగా పరిచాడు.

"వేడిగా ఉన్నప్పుడు అంతా చెదిరి ఉంది. కాస్త చల్లారితే అంచు కుదిరింది. ఇంకా చల్లారితే నడుమ కూడా. రెండోదాంట్లో అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తోందేంటి? ఓహో, కంప్యూటర్లో మనం ఒక చిన్న ముక్కనే మళ్లీ మళ్లీ అతికి, పెద్దదనుకుని లెక్క కట్టేదీ అలాగేగా. ఇంత వివరంగా ఎవరు చేశారమ్మా ఇది?"

సుమన వెనక్కి చూసింది. కమలాకర్ లేచి చేతులు కట్టుకున్నాడు.

"నేనే సార్. తప్పయింది. ఇంకోసారి చెయ్య."

ఆ తప్పులకు సుమనకు డాక్టరేటు ఇచ్చారు.