ఎనిమిదో తరగతి హృదయదర్శనము

సెల్‌ఫోను మ్రోగినపుడు ఎత్తినవానికి సైతము రుసుము పడు మహాయుగమున, కృష్ణవేణి రెండు పాయలై చీలి దివిసీమను ఇరుచేతులా పొదివికొని సముద్రునకు అప్పగించు పుణ్యస్థలమున, నాగాయలంకకు దిగువన, ఉప్పుగాలికి తలుపు గొళ్ళెములు కూడ తుప్పుపట్టి పెచ్చులు రాలు ఒకానొక ఉన్నత పాఠశాలయందు, సుద్దముక్కాయుధపాణియు, అల్లరిమూకవిమర్దినియు, జీవశాస్త్రపారంగతయు నగు మంగతాయారు అను ఉపాధ్యాయిని విరాజిల్లుచుండెను.

ఆ వీరనారికి లోపమొక్కటే. బొమ్మ వేయ చేతకాదు. ఆమె నల్లబల్లపై లిఖించిన హృదయమును చూచి, త్రైమాసిక పరీక్షలో రోజా అను బాలిక "గుండె వంకాయ ఆకారంలో ఉండును. దానికి తొడిమ కలదు" అని నిర్మల మనస్కయై వ్రాసెను. చుట్టుపక్కల కూర్చున్నవారు ఆమెను నమ్మి తామును అట్లే వ్రాసిరి. మంగతాయారు ఎర్రకలమునకు మూత పెట్టెను. పిల్లలు తప్పు వ్రాయలేదు. తాను గీసినదే వ్రాసిరి.

ఆ పిమ్మట గుడివాడలో ఉపాధ్యాయులకు కంప్యూటరు శిక్షణ జరిగెను. ఆఖరి పూట ఒక్కొక్కరు లేచి తమ లక్ష్యము చెప్పవలసి వచ్చినపుడు, ఆకలిచే సభ యావత్తు వంటల వాసన వచ్చు దిక్కునకే చూచుచుండగా, మంగతాయారు కొంగు బిగించి మేఘగంభీరస్వరమున ఇట్లు పలికెను:

"సభాసదులారా, వినుడు. అర్ధసంవత్సర పరీక్షలు రాకమునుపే మా ఎనిమిదో తరగతికి కంప్యూటరు తెరపై కొట్టుకొను గుండెను చూపెదను. చూపలేనిచో ఈ జన్మమున మరల సుద్దముక్క ముట్టను."

సభ వంటల దిక్కునుండి చూపు మరల్చలేదు. ఆమె పాఠశాలలోనే సాంఘికము చెప్పు పిచ్చేశ్వరరావు మాత్రము లేచి, "ముందు రండి మేడం, పెరుగన్నం అయిపోద్ది" అనెను.

పాఠశాలకు కంప్యూటరు లేకపోలేదు. ఎవరో దాత ఇచ్చినది, ప్రధానోపాధ్యాయుడు శేషగిరిరావు గారి గదిలో, కుట్టుపూల ముసుగు కప్పుకొని, దసరానాటి కుంకుమబొట్టుతో, అంతఃపురకాంతవలె ఎండ కన్నెరుగక కాలక్షేపము చేయుచుండెను. మంగతాయారు ఆ దుర్గద్వారమున నిలిచి కోరిక విన్నవించెను.

"తీసుకెళ్ళటం కుదరదమ్మా," అనెను శేషగిరిరావు. "కదిలిస్తే వైరస్ వచ్చుద్దంట."

"వైరస్ గాల్లోంచి రాదండి."

"మీరలాగే చెప్తారు. పాడైతే పైవాళ్ళకి సమాధానం చెప్పాల్సింది నేను. అది గడప దాటకూడదు."

"పోనీ, పిల్లల్నే ఇక్కడికి తీసుకొస్తానండి."

"ఆ ఇసక కాళ్ళతోనా? వాళ్ళు గడప తొక్కకూడదు."

యంత్రము గడప దాటరాదు, సైన్యము గడప తొక్కరాదు. ఈ జోడు ఆజ్ఞల నడుమ నలిగిన మంగతాయారునకు అన్నము సయించలేదు. ఒకనాటి సాయంకాలము ఇంటికి పోవు బస్సు ఆగినపుడు, వేరుశెనగకాయలమ్ము స్త్రీ కిటికీ ఊచల సందున పొట్లమందించెను. అందుకొన్న మంగతాయారు చేయి గాలిలోనే ఆగిపోయెను. అమ్మినామె బస్సెక్కలేదు. తాను బస్సు దిగలేదు. అయినను బేరము జరిగిపోయెను.

మరునాడు ఆమె శేషగిరిరావు గారి గది కిటికీని చూపి, "మీ మాట రెండువైపులా నిలబెడతానండి" అనెను. బల్ల కిటికీ వద్దకు జరుగును. తెర వసారావైపు తిరుగును. పిల్లలు వసారాలో కూర్చుందురు. శేషగిరిరావు ఆ వాదమున కన్నము కొరకు చాలసేపు వెదకెను. "గడప అన్నాను గానీ కిటికీ అన్లేదు గదా," అని నిట్టూర్చెను.

మొదటి పీరియడు దాటినచో కరెంటు కోత. కావున బడి గంట మ్రోగగనే యుద్ధము మొదలాయెను. యంత్రము మూలుగుచు మేల్కొనెను. కాని బాణము తెర మూలకు నక్కి, మౌసు ఎంత తోసినను కదలక మొండికేసెను. మంగతాయారు తటాలున ఆ మూషికమును వెల్లకిల వేసి, దాని కడుపులోని బంతిని పెరికి, పమిటతో తుడువసాగెను.

"ఇప్పేశారేంటమ్మా," అని శేషగిరిరావు గోడ పట్టుకొనెను.

"మురికి పట్టిందండి. మళ్ళీ పెట్టేస్తాను."

బంతి స్వస్థానము చేరెను. బాణము పరుగెత్తెను. గుడివాడ శిక్షణలో ఇచ్చిన గుండెబొమ్మ సీడీ గిర్రున తిరిగెను. అంతలో, అంతవరకు పరపురుషుని చూడని ఆ తెరపై సూర్యభగవానుడు తూర్పు వసారా మీదుగా తన సహస్రకిరణములనూ కుమ్మరించెను. తెర అద్దమాయెను.

"మేడం, మేమే కనపడుతున్నాం," అనెను రోజా.

"ఎండలో సినిమా ఏంటండి," అని పిచ్చేశ్వరరావు పక్కగదినుండి తొంగిచూచెను.

పిల్లలు అప్పుడే తెరలో చూచుకొని పాపిడి సవరించుకొనుచుండిరి. మంగతాయారు గది నలుమూలలా చూచి, "సార్, మీ గొడుగు ఒకసారి ఇప్పించండి" అనెను.

"పిల్లలకిస్తే చువ్వలు విరిచేస్తారు. నేనే పట్టుకుంటాను."

ఆ మహానుభావుడు వసారాలోకి వచ్చి, నల్లగొడుగు విప్పి, కిటికీకి వీపు పెట్టి, సూర్యునితో ముఖాముఖి నిలిచెను. తెరపై నీడ పడెను. ఊచల వెనుక, ఖైదీవలె, ఎర్రని గుండె కొట్టుకొనుచు ప్రత్యక్షమాయెను.

స్పీకర్లు లేవు గనుక మంగతాయారే "లబ్, డబ్" అనెను. పిల్లలు ఛాతీపై చేయి పెట్టుకొని తామును అనిరి.

"నిద్రపోతే ఆగిపోద్దా మేడం?" అని రోజా అడిగెను.

"ఆగదమ్మా."

"మనం చెప్పకపోయినా దానంతటదే కొట్టుకుంటదా?"

"దానంతటదే."

రోజా తన చేతికింద ఎవరో ఉన్నట్లు క్రిందికి చూచుకొనెను. ఆ క్షణముననే కరెంటు పోయెను. తెర నల్లబడెను. పిల్లల చేతులు మాత్రము ఛాతీలపైననే ఉండెను.

"అయిపోయిందా?" శేషగిరిరావు గొడుగుతోనే వెనుకకు తిరిగెను. "నేను చూళ్ళేదమ్మా. అటు తిరిగి ఉన్నాను గదా."

ఆయన నల్లని తెరను కొంతసేపు చూచి, గొడుగు మడిచెను.

"రేపు తొమ్మిదోళ్ళకి పెట్టండి. గొడుగు పిచ్చేశ్వరరావు గారు పట్టుకుంటారు."

"నాకు తొమ్మిదోళ్ళతో క్లాసుందండి సార్," అనెను పిచ్చేశ్వరరావు.

"ఆళ్ళు ఇక్కడే ఉంటారు లెండి."

రెండవ పీరియడు గంట మ్రోగెను. మంగతాయారు పమిటనంటిన మౌసు మురికిని దులుపుకొని ఏడవ తరగతికి నడచెను. దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురియలేదు. అయినను దివిసీమ ప్రజలెల్లరు తెలిసికొందురు గాక: ఆ ప్రాతఃకాలమున ఆ వీరాంగన ఒక గొడుగు నీడంత రాజ్యమును జయించెను.